ఎర్రగీతకు అవతల

పాత సామాను అమ్మేటప్పుడు నేను ఇంట్లో ఉండకూడదంటారు మావారు. ఉంటే అమ్మకం సాగదని ఆయన అనుభవం. చిల్లుపడిన గంగాళం దగ్గర్నుంచి మూత పోయిన ఊరగాయ జాడీ దాకా ప్రతిదానికీ నా దగ్గర ఒక కథ ఉంటుంది. కథలు రాసేదాన్ని కట్టుకున్నందుకు పాపం, ఆయనకా శిక్ష!

అయితే మొన్న ఖాళీ చేసింది మా ఇల్లు కాదు, మా పుట్టిల్లు. ఎల్.బి.నగర్‌లో మా నాయన కట్టించిన మూడు గదుల ఇల్లు. దాన్ని పడగొట్టి ఫ్లాట్లు కట్టడానికి మా తమ్ముడు బిల్డరుతో కాగితాలు రాసుకున్నాడు. "అక్కా, ఏమన్నా కావాల్నంటే వచ్చి తీస్కపో. ఆదివారం కబాడీ ఆయనొస్తడు" అని ఫోను చేశాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కాను. చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ దాటితే ఎల్.బి.నగరే. సంచీ సర్దుకునే లోపల దిగిపోవచ్చు. ఒకప్పుడు ఇదే దారిలో మా నాయన సైకిలు వెనక మైకు సెట్టు కట్టుకుని, హ్యాండిలుకి బూర తగిలించుకుని, చెమటలు కక్కుకుంటూ తొక్కేవాడు.

మైకు సెట్టు కిరాయికివ్వడం ఆయన వృత్తి. పెళ్ళిళ్ళు, బోనాలు, శ్రీరామనవమి, ఎలక్షన్లు... ఎవరింట్లో ఏ సందడైనా మా ఇంట్లో ఆ పూట అన్నం వండుకునేవాళ్ళం. ఆయన పోయి పదేళ్ళు దాటింది.

నేను వెళ్ళేసరికి సజ్జ మీంచి ఆ పెట్టె కిందికి దిగింది. బూజు పట్టిన ఇనప పెట్టె. పైన జల్లెడలాంటి మూత, ముందు అయిదు నల్లటి మీటలు. కబాడీ ఆయన దాన్ని కాటా మీద పెట్టి, "ట్రాన్స్‌ఫార్మర్ల రాగి ఉంటదమ్మా, దానికే పైసలు. మిగిలినదంతా రేకు" అన్నాడు.

అప్పుడే మా తమ్ముడి కొడుకు లోపలికి వచ్చాడు. ఇంజనీరింగు రెండో సంవత్సరం. చదువు సంగతి వాళ్ళ అమ్మనడగాలి గానీ, గిటారు మాత్రం బాగా వాయిస్తాడు. మూత తీసి, లోపల గాజు బుడ్డీల మీద దుమ్ము చొక్కా అంచుతో తుడిచి, అచ్చు అక్షరాలు చదివి కేకపెట్టాడు.

"అత్తా! ఇది గిటార్ యాంప్లిఫయరే!"

"కాదురా, మీ తాత మైకు సెట్టు."

"రెండూ ఒకటే అత్తా!"

నేను నమ్మలేదు. నమ్మకపోతే ఊరుకునే స్వభావమూ కాదు. పెట్టెని కాటా మీంచి దింపించాను. బి.ఏ. చదివినదాన్ని నాకు ఎలక్ట్రానిక్సు ఏం తెలుస్తుంది? కాని చరిత్ర వెతుక్కోవడం తెలుసు. రెండు నెలలు ఆ పెట్టె వంశవృక్షం వెనకాల పడ్డాను. వాడన్నది నిజమే.

ముందు ఆ గాజు బుడ్డీ సంగతి చెప్పాలి. దాన్ని వాల్వు అంటారు. అమెరికావాళ్ళు ట్యూబు అంటారు. 1904లో ఇంగ్లండులో ఫ్లెమింగ్ అనే ఆయన మొదటి వాల్వు చేశాడు. బల్బులాగే గాలి తీసేసిన గాజుబుడ్డీ. లోపల ఒక రేకు వేడెక్కితే దాన్నుంచి ఎలక్ట్రాన్లు బయల్దేరి, ఎదురుగా ఉన్న ఇంకో రేకుని చేరతాయి. 1906లో అమెరికాలో లీ డి ఫారెస్ట్ ఆ రెండింటి మధ్యా సన్నని తీగల జాలీ ఒకటి పెట్టాడు. ప్రపంచమంతా గొంతు పెంచింది ఆ జాలీతోనే!

ఎలాగంటారా? మా సరూర్‌నగర్ చెరువులాంటి ఏ చెరువుకైనా తూము ఉంటుంది కదా. వెనకాల నీళ్ళు బరువుగా నిలబడి ఉంటాయి. తూము దగ్గర మనిషి తలుపుని బెత్తెడు పైకెత్తితే కాలవ నిండా నీళ్ళు ఉరుకుతాయి. దించితే సన్నబడతాయి. మనిషి పెట్టే బలం కాస్తే, పారే నీరు మాత్రం చాలా. ఆ జాలీ తూము తలుపు. మైకులోంచో గిటారులోంచో వచ్చే పిసరంత విద్యుత్తు దాన్ని ఎత్తుతూ దించుతూ ఉంటుంది. వెనక నిలబడిన మూడు నాలుగు వందల వోల్టులు అదే లయలో ఉరికి, బూరని అరిపిస్తాయి. మా నాయన పెట్టెలో చివర రెండు పెద్ద వాల్వులున్నాయి. వాటి మీద 6ఎల్6 అని ఉంది. ఆ రకాన్ని అమెరికాలో ఆర్.సి.ఎ. కంపెనీ 1936లో తెచ్చింది.

మన ఊరికి ఈ వాల్వుల గొంతు వినబడింది దక్కన్ రేడియోతో. 1935 ఫిబ్రవరి 3న నిజాం ప్రభుత్వ హయాంలో అది మొదలైంది. దాని శక్తి ఎంతనుకున్నారు? 200 వాట్లు! ఇవాళ మా వీధిలో వినాయకుణ్ణి సాగనంపే డీజే బండి ముందు అది పిల్లిపిల్ల. కానీ ఆ 200 వాట్లే నగరానికి పాటలు, వార్తలు, ప్రసంగాలు వినిపించాయి. 1948 సెప్టెంబరు 17న లొంగుబాటు సంగతి నిజాం ప్రజలకి చెప్పుకున్నదీ రేడియోలోనే. 1950 ఏప్రిల్ 1న దక్కన్ రేడియో భారత ప్రభుత్వం చేతికి వచ్చింది. ఒక రాజ్యం రావడమూ పోవడమూ గాజుబుడ్డీలు వేడెక్కాకే జనానికి తెలిసిందన్నమాట.

రేడియో ఇంటికి గొంతు తెచ్చింది. వీధికి తెచ్చింది మైకు సెట్టు. ఢిల్లీలో 1940లో మొదలైన అహుజా కంపెనీ పేరు మైకు సెట్టుకి మారుపేరైపోయింది. మా నాయన కొన్నది పేరు చెరిగిపోయిన సెట్టు. నేను పుట్టకముందే కోఠీలో సెకండ్ హ్యాండుకి బేరమాడి తెచ్చాడట.

ఇక గిటారు సంగతి. దీనికి మనం కాలిఫోర్నియా వెళ్ళాలి. లియో ఫెండర్ అనే ఆయన 1909లో నారింజ తోట పెంచుకునే ఇంట్లో పుట్టాడు. చిన్నప్పుడే ఒక కన్ను పోయింది. లెక్కలు రాసే ఉద్యోగం చేసేవాడు. అది పోతే 1938లో అప్పు తెచ్చి ఫుల్లర్టన్ అనే చిన్న ఊళ్ళో రేడియో రిపేరు కొట్టు పెట్టాడు. ఖాళీగా ఉన్నప్పుడు ఏం చేసేవాడో తెలుసా? డాన్సులకీ సభలకీ మైకు సెట్లు తయారుచేసి కిరాయికిచ్చేవాడు!

అది చదివి నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. నారింజ తోటల మధ్య ఆయన, కొత్తపేట పండ్ల మార్కెట్టు బత్తాయి లారీల మధ్య సైకిలు తొక్కుతూ మా నాయన. ఆ మార్కెట్టు ఇప్పుడు అక్కడ లేదు, బాటసింగారం తరలిపోయింది. ఎవరెక్కడి వారో గాని, చేసిన పని ఒకటే.

రెండో ప్రపంచయుద్ధం ముగిసింది. పెద్ద పెద్ద వాద్యబృందాలని పోషించే స్తోమత తగ్గింది. నలుగురైదుగురి చిన్న బృందాలు వచ్చాయి. జనం తాగి గోలచేసే హాళ్ళలో, డ్రమ్ముల మోత పక్కన, పాపం గిటారు ఎవరికి వినిపిస్తుంది? 1946లో ఫెండర్ తన పేరుతో కంపెనీ పెట్టి గిటార్లూ, వాటికి కావలసిన యాంప్లిఫయర్లూ తయారు చెయ్యసాగాడు. సర్క్యూట్లు ఆకాశం నుంచి ఊడిపడలేదు. వాల్వులు చేసే కంపెనీలు రేడియోవాళ్ళ కోసం అచ్చువేసిన పుస్తకాల్లో నమూనాలుండేవి. వాటిని మలుచుకున్నాడు. ఎక్కడో ఢిల్లీలో మైకు సెట్టుకీ, కాలిఫోర్నియాలో గిటారు పెట్టెకీ పోలికలు ఉన్నాయంటే అందుకే. ఒకే తాతకి పుట్టిన మనవలు!

ఫెండర్ పెట్టెల్లో చిన్నది ఛాంప్. ఒకే ఒక పవర్ వాల్వుతో సుమారు 5 వాట్లు. పెద్దవాటిలో పేరు మోసింది బాస్‌మాన్. 1952లో మొదలైంది. 1950ల చివర్లో వచ్చిన నమూనాలో 10 అంగుళాల స్పీకర్లు నాలుగు, లోపల 6ఎల్6 జాతి వాల్వులు రెండు. మా నాయన పెట్టెలోలాగే. పైన సూట్‌కేసులకి అంటించే బట్ట అంటించేవారు. ఇంతా చేసి ఫెండర్‌కి గిటారు వాయించడం రాదు. 1991లో పోయేదాకా నేర్చుకోలేదు. మా నాయనకి పాట రానట్టే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. మా నాయన పెట్టె మీద వాల్యూము మీట పక్కన ఒక ఎర్రగీత ఉంది. మా అమ్మ గోళ్ళరంగుతో ఆయనే గీశాడు. సరిగ్గా సగానికి కాస్త పైన. ఆ గీత దాటితే గొంతు పగులుతుంది, అక్షరం అరుగుతుంది, మంత్రం చదివే పంతులు గారికి జలుబు చేసినట్టుంటుంది. "గీత దాటితే కిరాయి వాపసియ్యాల్సొస్తది" అనేవాడు. గొంతు ఉన్నదున్నట్టుగా, పెద్దదిగా వినబడాలి. అదీ ఆయన వృత్తిధర్మం. ఫెండర్ ధ్యేయమూ అదే. పగుళ్ళు లేని శుభ్రమైన స్వరం కోసమే ఆయన జీవితాంతం తంటాలు పడ్డాడు.

కానీ వాయించేవాళ్ళు గీత దాటారు. హాలు పెద్దది, పెట్టె చిన్నది. మీట చివరిదాకా తిప్పక తప్పలేదు. వాల్వు మీద మోయలేని బరువు పడితే అది శబ్దాన్ని ఉన్నపళంగా నరకదు. కొమ్మ వంగినట్టు వంచుతుంది. ఆ వంపులో అసలు స్వరంలో లేని అనుస్వరాలు కొన్ని పుడతాయి. మీటిన స్వరం చప్పున చావకుండా సాగుతుంది, గరగరలాడుతుంది, ఏడ్చినట్టుంటుంది. 1951లో మెంఫిస్‌లో 'రాకెట్ 88' అనే పాట రికార్డు చేసేటప్పుడు గిటారు యాంప్లిఫయరు దారిలో దెబ్బతిన్నదనీ, చిరిగిన స్పీకరులో కాగితాలు కుక్కి అలాగే వాయించేశారనీ చెప్పుకుంటారు. ఆ గరగర జనానికి నచ్చింది. తప్పు కాస్తా రుచి అయి కూర్చుంది. అడుగంటిన పాలకోవాని ఇష్టంగా తినేవాళ్ళు లేరూ?

1962లో లండనులో డ్రమ్ములు నేర్పే జిమ్ మార్షల్, తన కొట్టులో పనివాళ్ళ చేత ఫెండర్ బాస్‌మాన్‌ని చూసి అలాంటిది చేయించాడు. అమెరికా సరుకు ఖరీదు ఎక్కువ, ఇంగ్లండులో దొరికే భాగాలతో చవకగా చేద్దామని. భాగాలు మారేసరికి పెట్టె ఇంకాస్త బొంగురుగా పలికింది. రాక్ సంగీతం ఆ బొంగురు గొంతుతోనే ప్రపంచం చుట్టింది.

ఇదంతా దొరల గోల, మనకెందుకంటారా? 1969లో మన పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్‌ని తలుచుకోండి. మాండలిన్ స్వరం మీటగానే చచ్చిపోతుంది. కర్ణాటక సంగీతానికి గమకం ప్రాణం. చచ్చిన స్వరం మీద గమకం ఎలా? ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకుని, జంట తీగల బదులు ఒంటి తీగలు పెట్టుకుని, విద్యుత్తుతో స్వరానికి ఆయుష్షు పోసి త్యాగరాజ కృతులు పలికించాడు. ఆయనది శుభ్రమైన స్వరం, గరగర లేదు. కాని తీగకి దీర్ఘాయువు ఇచ్చింది మాత్రం యాంప్లిఫయరే. 2014లో వెళ్ళిపోయాడు. ఆ స్వరం ఉంది.

వాల్వుల కథ మాత్రం త్వరగానే ముగిసిందనుకున్నారు. 1947 డిసెంబరులో అమెరికాలో బెల్ లేబరేటరీ వాళ్ళు ట్రాన్సిస్టరు కనిపెట్టారు. అంటే ఫెండర్ కంపెనీ పెట్టిన ఏడాదికే, దాని పెట్టెలకి యముడు పుట్టేశాడన్నమాట! మన బెంగుళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ 1960ల మొదట్లో రేడియో వాల్వులు తయారుచెయ్యడం మొదలుపెట్టేటప్పటికే ట్రాన్సిస్టరు వెనకాలే తరుముకొస్తోంది. వేడెక్కనక్కర్లేదు, పగలదు, చవక. రేడియోల్లోంచీ, టీవీల్లోంచీ, మైకు సెట్లలోంచీ వాల్వులు వెళ్ళిపోయాయి. గిటారువాళ్ళు మాత్రం వదల్లేదు. ఆ వంపు ట్రాన్సిస్టరులో రాలేదన్నారు. ఇప్పటికీ రష్యాలో, స్లొవాకియాలో, చైనాలో వాల్వులు తయారవుతున్నాయంటే ఎక్కువగా వీళ్ళ పుణ్యమే.

సరే, మా పెట్టె. మూసారాంబాగ్ దగ్గర సందులో ఒక ముసలి మెకానిక్ ఉన్నాడని కోఠీ గుజరాతీ గల్లీలో ఎవరో చెప్పారు. నేనూ మేనల్లుడూ ఆటోలో పెట్టెని ఒళ్ళో పెట్టుకుని వెళ్ళాం. మనిషి పట్టే కొట్టు. ఆయన మూత తీసి, కళ్ళజోడు పైకి నెట్టి, పాత స్నేహితుణ్ణి చూసినట్టు చూశాడు. "జిందా ఉందమ్మా" అన్నాడు. మా వాడు ఉత్సాహంగా వేలు పెట్టబోతే చేతి మీద ఒక్కటి కొట్టాడు. "ప్లగ్గు తీసినా కండెన్సర్ల కరెంటు ఉంటది బాబూ. మనిషిని తీస్కపోతది. దీంట్ల పని చేసేటప్పుడు ఒక చెయ్యి జేబులో ఉండాలె. రెండు చేతులు పెడితే కరెంటు గుండెలకెల్లి పోతది."

ఆయన ఎండిపోయిన కండెన్సర్లు మార్చాడు. రెండు పోగుల వైరు తీసేసి ఎర్త్ ఉన్న మూడు పోగుల వైరు వేశాడు. ఒక్కసారిగా కరెంటు ఇవ్వకుండా సిరీస్ బల్బు పెట్టి మెల్లిగా లేపాడు. ఎన్నాళ్ళో మంచాన పడ్డవాడికి మొదట గంజి తాగించినట్టు. మా వాడు గిటారు ప్లగ్గుకి ముందు రేకులో రంధ్రం చేయించమన్నాడు. "ఎందుకు చిల్లు? మీ తాత పెట్టెకి పొడుస్తవా?" అని పాత మైకు మరకి సరిపడే వైరు ఒకటి కట్టిచ్చాడు. తన తర్వాత ఈ పని చేసేవాళ్ళు కొట్టులో లేరట. కొడుకు సెల్‌ఫోన్ల వ్యాపారం.

వెనక్కి వస్తుంటే నేను మేనల్లుడికి ఒక సంగతి చెప్పాను. వాడికే కాదు, ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు.

నాకు ఆరేళ్ళు. సరూర్‌నగర్ చెరువు కట్ట మీద వినాయక నిమజ్జనం. మైకు మా నాయనదే. నేను బుడగలవాడి వెనకాల నడిచి నడిచి జనంలో తప్పిపోయాను. ఎటు చూసినా కాళ్ళే. డప్పులు, కేకలు. చెరువు ఎంత దూరంలో ఉందో కూడా తెలియదు. ఏడుస్తూ నీళ్ళవైపే నడుస్తున్నానని తర్వాత చెప్పారు. అప్పుడు పైనుంచి నా పేరు వినబడింది. మా నాయన గొంతు అని పోల్చుకోలేకపోయాను. చింపిరి గొంతు. గుడ్డ చించినట్టు, రేకు మీద రాయి రాసినట్టు. డప్పుల్ని చీల్చుకుని వచ్చింది. భయపడి అటు తిరిగాను. తిరిగినందుకే ఎవరో ఆడమనిషి నా మొహం చూసి, నన్నెత్తుకుని మైకు దగ్గరికి తెచ్చింది. మా నాయన ఒక చేతిలో మైకు, రెండో చెయ్యి మీట మీద. మీట ఎర్రగీత దాటి చివర ఉంది. మా అమ్మ కాళ్ళ దగ్గర కూలబడి ఉంది. నన్ను చూశాక కూడా ఆయన వెంటనే మీట తగ్గించలేదు. ఇంకా రెండుసార్లు నా పేరు పిలిచాడు.

మా వాడు ఏమీ అనలేదు. పెట్టెని ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు.

ఇల్లు పడగొట్టే ముందు రోజు సాయంత్రం. సామాను లేని గది. కుర్చీలో మా అమ్మ. మా వాడు తన 12 అంగుళాల స్పీకరు తగిలించి పెట్టెకి స్విచ్చి వేశాడు. అరనిమిషం ఏ చప్పుడూ లేదు. మెల్లిగా వాల్వుల్లో నారింజరంగు వెలుగు వచ్చింది. కాలిన దుమ్ము వాసన. చిన్నప్పటి పందిళ్ళన్నీ ఆ వాసనలో ఉన్నాయి. ఎర్రగీత లోపల పెట్టి వాయించాడు. గంట కొట్టినట్టు శుభ్రంగా, గుండ్రంగా పలికింది. మా నాయన వింటే మెచ్చుకునేవాడు.

తర్వాత వాడు మీట మీద చెయ్యి పెట్టి నావైపు చూశాడు. నేను మా అమ్మవైపు చూశాను. గీత ఎవరిదో ఆమెకి తెలుసు. గోళ్ళరంగు ఆమెదే కదా.

"తిప్పనియ్యి" అంది అమ్మ. "మీ నాయన గూడ ఒకపారి తిప్పిండు గద."

తిప్పాడు. ఒక్క స్వరం. అది పగిలి, సాగి, ఖాళీ గోడలకి కొట్టుకుని, కిటికీలోంచి వీధిలోకి పోయింది. పక్కింటాయన గేటు దగ్గరికి వచ్చి చూశాడు. మా అమ్మ చెవులు మూసుకోలేదు. కొంగు మాత్రం సర్దుకుంది.

పెట్టె ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో మా హాల్లో ఉంది. తమ్ముడి అద్దె ఇంట్లో చోటు లేదట. శని, ఆదివారాలు మేనల్లుడు వచ్చి వాయిస్తాడు. కింది ఫ్లాటువాళ్ళ కోసం మామూలప్పుడు గీత లోపలే. మీట తుడిచేటప్పుడు గోళ్ళరంగు ఊడకుండా చూసుకోమని పనిమనిషికి మరీ మరీ చెప్పాను.

"అందుకే నిన్ను వెళ్ళొద్దన్నది" అంటారు మావారు. అని, టీ కప్పు తీసుకొచ్చి ఆ పెట్టె పక్కనే కూర్చుంటారు. చలికాలం కదా, వాల్వుల వేడి బాగుంటుందట!